డాక్టరమ్మ చెప్పమన్న మాట

ఒక మాట పదేళ్లకు పైగా నా దగ్గరే ఉండిపోయింది. అది నాది కాదు. ఇంకొకరికి చెప్పమని నాతో అన్న మాట. చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. చెప్పలేదు. మరిచిపోయానందామంటే ఒక్క రోజు కూడా మరవలేదు. అన్నం వారుస్తున్నా, పిల్లలకు జడలు వేస్తున్నా, రొయ్యల గుంటల దగ్గరికి టిఫిన్లు పంపుతున్నా అది నాతోనే తిరిగింది. మొదట్లో బరువుగా ఉండేది. రాత్రి పక్క మీద కూడా దిగేది కాదు. తర్వాత తర్వాత ఆ బరువు తెలియడం కూడా మానేసింది. కాలు తిమ్మిరెక్కినట్టు. కాలుందని తెలుస్తుంది, అది నాదేనని తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసిన ముఖం ముందు నోరు తెరిచే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు ఎందుకు ఆగుతాను? పేర్లు మార్చాను. మిగతాది మార్చలేదు.

మాది నెల్లూరు జిల్లా కోట దగ్గర, సముద్రానికి ఆనుకుని ఉన్న పల్లె. ఒకప్పుడు వరి పండించేవాళ్లం. ఉప్పునీళ్లు ఎక్కాక అందరిలాగే మేమూ పొలం తవ్వించి రొయ్యల గుంటలు చేశాం. మా ఆయన, మా మరిది ఇద్దరూ అవే చూసుకునేవాళ్లు. ఇంట్లో మా అత్త, నేను, నా ఇద్దరు కూతుళ్లు, మరిది, అతని భార్య. ఆ అమ్మాయిని భార్గవి అని పిలుచుకుందాం. వెంకటాచలం ఊరి వైపు పిల్ల. డిగ్రీ చదివింది. నేను ఇంటరుతో ఆగిపోయాను. అయినా ఇంట్లో అన్నీ తెలిసినదాన్ని నేనే. ఎందుకంటే నేను ఇద్దర్ని కన్నాను, ఆమెకింకా లేరు. కడుపులో మంటగా ఉన్నా, కాలికి ముల్లు గుచ్చుకున్నా ముందు నా దగ్గరికే వచ్చేది. "అక్కా, ఇది ఏందో చూడు" అనేది. నాకు గొప్పగా ఉండేది. నిజం చెప్పాలి కదా.

మా అత్త గురించి కూడా చెప్పాలి. ఆమె చెడ్డ మనిషి కాదు. మాట దురుసు, చెయ్యి మెత్తన. కానీ ఆమెకొక నమ్మకం ఉంది. ముట్టయిన ఆడది గుంట గట్టు ఎక్కితే రొయ్యకు తెల్లమచ్చ వస్తుందని. తెల్లమచ్చ వచ్చిందంటే ఆ పంట ఇంక లేనట్టే. రొయ్యలు గట్టు వారకు వచ్చి చచ్చిపోతాయి. అందుకే ఇంట్లో ఎవరు ఎప్పుడు దూరముంటారో అత్తకు మాకన్నా బాగా తెలుసు. ఇక పట్టుబడి రోజు, అంటే గుంటలో వలలు వేసి పంటంతా పట్టేసి లారీకెక్కించే రోజు, ఇంట్లో ఆ అంటు ఉండకూడదు. ఉంటే పట్టుబడి ఆపేస్తుంది. ఎవరు చెప్పినా వినదు.

ఒకసారి మా ఆయన మోటారు షెడ్డు తాళం ఇంట్లో మరిచిపోయాడు. నేను గట్టు మీద నడిచి వెళ్లి ఇచ్చొచ్చాను. ఆ రోజు నేను దూరం. ఎవరు చూస్తారులే అనుకున్నాను. కొన్నాళ్లకే గుంటలో తెల్లమచ్చ వచ్చింది. పక్కవాళ్ల గుంటలోనూ వచ్చింది, ఆ పక్కన గుంటలోనూ వచ్చింది, వాళ్లింటి ఆడవాళ్లందరూ గట్లెక్కారా? అత్త అదేమీ వినలేదు. "నీ కాలు పడ్డ గుంటేమే అది" అనింది. ఆ తర్వాత పెళ్లిలో, పేరంటంలో, కూలీల ముందు కూడా అనింది. నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నా అది నా మీద అట్లాగే ఉండిపోయింది. ఒక ఆడదాని మీద ఒక మాట వేసి వదిలేస్తే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఇది రాస్తున్నప్పుడు ఆలోచిస్తున్నాను. తెలిసి కూడా నేను అదే పని చేశాను. తెలియనివాళ్లు చేస్తే ఒక రకం.

ఆ ఏడాది పంట బాగుంది. రొయ్య బాగా పెరిగింది. కానీ మా పక్క గుంటల్లో తెల్లమచ్చ మొదలైందని తెలిసి, ఇంకా పెరగనివ్వకుండా పట్టేద్దామని అనుకున్నారు. ఐసు, లారీ, మనుషులు, అన్నీ మాట్లాడేశారు. ఈ పంట ఇంటికి చేరితే నా మీదున్న మాట పోతుందని నేను లోపల్లోపల ఆశపడ్డాను. ఎవరితోనూ అనలేదు. రోజూ దేవుడి దగ్గర అదే అడిగేదాన్ని.

భార్గవికి అప్పుడు రెండో నెల. నెల తప్పిందని అందరికంటే ముందు అత్తే కనిపెట్టింది. మూడు నెలలు నిండేదాకా బయటి వాళ్లకు చెప్పకూడదని మా వైపు పట్టింపు, దిష్టి తగులుతుందని. అందుకని ఇంట్లో వాళ్లకే తెలుసు. పట్టుబడి అయ్యాక నెల్లూరు వెళ్లి స్కాను తీయించుకుందామని అనుకున్నారు. మా ఇంట్లో ఏదైనా పట్టుబడి అయ్యాకే.

పట్టుబడికి ముందు రోజు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాం ఇద్దరం. ఆమె కత్తి పక్కన పెట్టి నడుము నిటారుగా పెట్టింది.

"అక్కా, పొత్తికడుపు గట్టిగా పట్టేసి మళ్లీ వదుల్తా ఉందక్కా."

"నొప్పా?"

"నొప్పంటే నొప్పి కాదు. ముట్టొచ్చే ముందు ఉంటదే, అట్టా."

"ఉంటదిలేమే. నాకు ఇద్దరప్పుడూ ఉన్నింది. గర్భసంచి పెరగొద్దా? పొద్దున్నుంచి నీళ్లు తాగినావా నువ్వు? ఫో, తాగి కాసేపు పండుకో."

ఆమె వెళ్లి తాగింది. పడుకుంది. తగ్గిందని కూడా చెప్పింది. ఆ రోజు నేను చెప్పింది తప్పు కాదు. చాలా ఏళ్ల తర్వాత ఇంకో డాక్టరు కూడా అదే అనింది. మొదటి నెలల్లో గర్భసంచి అలా బిగుసుకుని వదలడం మామూలేనట. నీళ్లు చాలకపోయినా, విరేచనం సాఫీగా కాకపోయినా కూడా ఉంటుందట. నన్ను నేను మంచిదాన్ననుకోవాలనిపించినప్పుడల్లా ఈ ఉల్లిపాయల రోజును తలుచుకుంటాను. అక్కడితో ఆపేస్తాను. తర్వాతి రోజుకు వెళ్లను.

తర్వాతి రోజు పొద్దున్నే మనుషులు గుంటలోకి దిగారు. నేను పెరట్లో పొయ్యి మీద కూలీలకు అన్నం ఎక్కించాను. భార్గవి స్నానాలగది నుంచి వచ్చి నా పక్కన నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు.

"అక్కా, కొంచెం కనపడింది."

నేను వెళ్లి చూశాను. నెత్తురు. కొంచెమే. కానీ నాకు ఇద్దరప్పుడూ అది లేదు. నాకు తెలియని సంగతి అది, తెలియదన్న సంగతి కూడా నాకు తెలుసు. ఆ క్షణం నాకు ఏం గుర్తొచ్చిందో చెబితే మీరు నమ్మరు. బిడ్డ గుర్తు రాలేదు. భార్గవి గుర్తు రాలేదు. అత్తకు చెబితే పట్టుబడి ఆపేస్తుందన్నది గుర్తొచ్చింది. ఆపేస్తే ఈ గుంటకూ మచ్చ వస్తుంది, పంట పోతుంది, నా మీద మాట అలాగే ఉంటుంది. అంత గబగబా ఎట్లా ఆలోచించానో. లెక్కల్లో నాకెప్పుడూ అంత చురుకు లేదు.

"ఎవరితో అనబాక" అన్నాను. "పట్టుబడి అయిపోనీ. మధ్యాహ్నం నేనే తీసకపోతా."

"ఏం కాదు కదక్కా?"

"ఏం కాదు."

ఆమె తలూపింది. ఆమె నన్ను నమ్మింది. నేను నమ్మకం ఉండి చెప్పలేదు, ఆమె మాత్రం నమ్మింది.

పడుకోమని అనలేదు నేను. పడుకుంటే అత్త ఎందుకని అడుగుతుంది. అందుకని పని చేయించాను. అన్నం వండిన పెద్ద గిన్నె, ఆ దబర దించాక ఒక పక్క నేను, ఇంకో పక్క ఆమె పట్టుకుని గట్టు దాకా మోశాం. నెత్తురు కనపడుతున్న మనిషిని అత్త ఎక్కొద్దన్న గట్టు మీదికి నేనే ఎక్కించాను. తాళం ఇవ్వడానికి ఎక్కినందుకు అన్నేళ్లు పడ్డ నేనే. అంటే నాకు ఆ నమ్మకం లేదన్నమాట. లేకపోతే మరి ఎందుకు భయపడ్డాను? అత్త నమ్మకానికి భయపడ్డానా, అత్తకు భయపడ్డానా, లేక పంట వచ్చాక అత్త నాతో అనబోయే ఒక మంచి మాట కోసం ఆశపడ్డానా? ఇన్నేళ్లలో చాలాసార్లు నన్ను నేనే అడిగి చూసుకున్నాను. చివరిదే నిజమనుకుంటాను. అది ఒప్పుకోవడానికే ఎక్కువ సిగ్గుగా ఉంది.

పంట బాగా పడింది. వలలు బరువుగా లేచాయి. లారీ దగ్గర అత్త నా వైపు తిరిగి, "ఈసారి నీ చేతి వంట కలిసొచ్చిందిమే" అనింది. అందరి ముందూ అనింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెప్పేస్తున్నాను, ఆ నిమిషం నేను సంతోషంగా ఉన్నాను. భార్గవిని పూర్తిగా మరిచిపోయాను. ఆమె అప్పటికి మేత బస్తాల మీద కూర్చుని రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని ఉంది. లేవమంటే లేవలేకపోయింది. లేచాక బస్తా తడిసి ఉంది.

ఎవరిదో కారు దొరికింది. మరిది ముందు సీట్లో, వెనక మేం ముగ్గురం. అత్త దారంతా దేవుళ్లను పిలుస్తూనే ఉంది. భార్గవి నా భుజం మీదికి ఒరిగింది. నా చెయ్యి పట్టుకుని ఉంది. వదలలేదు.

నెల్లూరులో ఒక ఆస్పత్రి. పేరు అనవసరం. వాళ్ల తప్పేమీ లేదు. డాక్టరమ్మ చూస్తూనే కోప్పడింది.

"బ్లీడింగ్ ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచి" అనింది భార్గవి.

"పొద్దున్నుంచి ఉంటే ఇప్పుడా తెచ్చేది? ఇంట్లో పెద్దవాళ్లెవరికీ చెప్పలేదా అమ్మా?"

భార్గవి నా వైపు చూసింది. నేరం మోపినట్టు కాదు. పెద్దదాన్ని కదా, జవాబు నేను చెబుతానని చూసింది. వెనక అత్త ఉంది. తలుపు దగ్గర మరిది ఉన్నాడు.

"మాకేం చెప్పలా మేడమ్" అన్నాను. "చెప్తే తీసకరామా?"

నా గొంతు చాలా మామూలుగా ఉంది. ఎక్కడా వణకలేదు. భార్గవి ముఖం తిప్పుకుని గోడ వైపు చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఎప్పుడూ అనలేదు. ఎందుకు అనలేదో నాకు ఈ రోజుకీ తెలియదు. నా పరువు కాపాడాలనా? అంత నొప్పిలో దానికి ఓపిక లేకా? నేను చెప్పిందే నిజమేమో, తను సరిగ్గా చెప్పలేదేమో అని అనుమానం వచ్చిందా? మంచివాళ్లకు అలాంటి అనుమానాలు వస్తాయి.

కడుపు శుభ్రం చేయాలన్నారు. నెత్తురు చాలా పోయిందని సీసా ఎక్కించారు. అది ఆలస్యం వల్ల. అది పూర్తిగా నా వల్ల. దాని గురించి ఎవరూ నాకు వేరే అర్థం చెప్పక్కర్లేదు.

సాయంత్రం మరిది మందులకు వెళ్లాడు. అత్త కింద టీ కొట్టు దగ్గర ఉంది. నేను వరండాలో ఒక్కదాన్నే నిలబడి ఉన్నాను. ఆ డాక్టరమ్మ ఇంటికి బయలుదేరినట్టుంది, భుజానికి బ్యాగు ఉంది. నన్ను చూసి ఆగింది.

"నువ్వేమవుతావు ఆ అమ్మాయికి?"

"తోడికోడల్ని మేడమ్."

"చూడమ్మా. స్కానులో చూశాం. బిడ్డ ఎదగడం కొన్ని రోజుల ముందే ఆగిపోయింది. గుండె అప్పటికే కొట్టుకోవడం లేదు. అది ఆగిపోయింది కాబట్టే ఈ నొప్పులొచ్చాయి. నొప్పులొచ్చి బిడ్డ పోలేదు. అర్థమైందా? మొదటి నెలల్లో ఇలాంటివి చాలామందికి జరుగుతాయి. ఆ అమ్మాయి నడిచినందుకు కాదు, బరువెత్తినందుకు కాదు, ఏదో తిన్నందుకు కాదు. నెత్తురు కనపడగానే రావాల్సింది, అది తన ప్రాణం కోసం. పొద్దున్నే తెచ్చినా ఈ బిడ్డను మేం నిలపగలిగేవాళ్లం కాదు. ఇప్పుడు మత్తులో ఉంది, రేపు నేను సెలవు. ఇది నువ్వు ఆమెకు చెప్పు. మీ అత్తగారికీ చెప్పు. చెప్పకపోతే జన్మంతా తన వల్లే పోయిందనుకుంటుంది."

"సరే మేడమ్" అన్నాను.

ఆ మాటే నేను చెప్పని మాట.

ఆ సాయంత్రం నా ప్రాణం లేచొచ్చినట్టయింది. బిడ్డ పోయింది నా వల్ల కాదు. గోడకు ఆనుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాను. నాకు ఎంత అవసరమైందో ఆ మాట! అంతే అవసరం ఇంకొకరికి ఉందని నాకు తెలుసు. గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది. లోపలికి వెళ్లేసరికి భార్గవి కళ్లు తెరిచి ఉంది. అత్త కూడా అప్పుడే వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"ఆ దబర ఎందుకెత్తావుమే? కనపడిందని ఒక్క మాట చెప్పుంటే ఎత్తనిస్తానా నేను? పంట పోతే పోనీ అందును కదా" అని ఏడుస్తా ఉంది అత్త.

పంట పోతే పోనీ అనేదట. అది విన్నాక నా నోరు పూర్తిగా పడిపోయింది. నేను ఎవరికి భయపడి దాచిపెట్టానో ఆమె అంత మాట అనేసింది. ఇప్పుడు డాక్టరు మాట చెబితే మాట మీద మాట వస్తుంది. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎవరికి తెలుసు, దబర ఎవరు ఎత్తమన్నారు, అన్నీ వస్తాయి. ఇంటికెళ్లాక చెబుదామనుకున్నాను. ఇంటికెళ్లాక, కాస్త కోలుకున్నాక అనుకున్నాను. కోలుకున్నాక, ఇప్పుడెందుకు మళ్లీ గుర్తు చేయడం అనుకున్నాను. ఇంకొన్నాళ్లకు, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతుందే అనుకున్నాను. ప్రతిసారీ ఒక కారణం దొరికింది. కారణాలకు నాకెప్పుడూ కొదవ రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఒక రోజు తోటకూర తుంచుతూ భార్గవి అంది, "ఆ దబర ఎత్తకుండా ఉంటే ఉండేదేమోనక్కా."

నన్ను అడగలేదు. తనలో తను అనుకున్నట్టు అంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అంతకన్నా మంచి అదను ఎవరికి దొరుకుతుంది? నోటి దాకా వచ్చింది. "ఊరుకోమే" అన్నాను. ఆమె ఊరుకుంది. మళ్లీ నా దగ్గర ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

అత్త మాత్రం ఎత్తేది. కొత్తగా పెళ్లయి వచ్చిన ప్రతి పిల్లకూ చెప్పేది. "మా చిన్నకోడలట్టా దాచిపెట్టుకోబాకండి. కడుపులో ఏమున్నా పెద్దోళ్లకు చెప్పుకోవాల. దాచిపెట్టి పోగొట్టుకునింది పాపం." పాపం అని చేర్చేది. అత్తకు అది జాలే. భార్గవి అక్కడే కాఫీ గ్లాసులు తీస్తూ ఉండేది. నా మీదున్న పాత మాట అప్పటికి పోయింది. అత్తకు ఒక కథ చాలు, రెండు అక్కర్లేదు.

నేనేం చేశానో చెప్పనా? ఆమెను బరువులు ఎత్తనిచ్చేదాన్ని కాదు. బిందె నేనే మోసేదాన్ని. దాని బట్టలు కూడా నేనే ఉతికిన రోజులున్నాయి. ఊళ్లో అందరూ, తోడికోడలంటే అట్టా ఉండాల, తల్లిలెక్క చూసుకుంటా ఉంది అనేవాళ్లు. అది వింటూ తలొంచుకునేదాన్ని. వాళ్లు దాన్ని వినయం అనుకున్నారు. ఛీ, ఏం బతుకు అనిపించేది. మరుసటి రోజు మళ్లీ బిందె ఎత్తేదాన్ని. బిందె ఎత్తడం తేలిక. పైగా నేను బరువెత్తనివ్వని ప్రతిసారీ, బరువెత్తడం వల్లే పోయిందని ఆమెకు మళ్లీ చెప్పినట్టే. ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

తర్వాత మరిదికి పోర్టులో పని దొరికి వాళ్లు ముత్తుకూరు వెళ్లిపోయారు. అక్కడ భార్గవికి మళ్లీ నిలిచింది. తొమ్మిది నెలలూ మంచం దిగలేదు. ఏ డాక్టరూ పడుకోమనలేదు, తనే పడుకుంది. మెట్లెక్కలేదు. పుట్టింటికి కూడా పోలేదు, దారిలో కుదుపులని. నేను చూడ్డానికి వెళ్తే మంచినీళ్ల చెంబు కూడా మొగుడి చేత తెప్పించుకుంటోంది. కడుపు కొంచెం బిగుసుకున్నా కళ్లు మూసుకుని కదలకుండా ఉండిపోయేది, కదిలితే పోతుందేమోనని. నేను పక్కనే కూర్చుని ఆమె కాళ్లు నిమిరాను. డాక్టర్ని అడగరాదా అన్నాను. "అడగాలంటే భయమక్కా. అవును, నీ వల్లే అంటే?" అంది.

అప్పుడు కూడా చెప్పలేదు. అప్పుడు కూడా. నా దగ్గర జవాబు ఉంది. ఆమె కాళ్లు నా చేతుల్లో ఉన్నాయి. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి, నాకు మాట దొరకలేదు.

ఆడపిల్ల పుట్టింది. బాగుంది. ఇప్పుడు బడికి పోతోంది, గలగలా మాట్లాడుతుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆ పిల్లను ఎత్తుకున్నప్పుడు నాకేమీ అనిపించేది కాదు. సంతోషం లేదు, బాధ లేదు. ఏదైనా అనిపిస్తే బాగుండు అనుకునేదాన్ని.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మా పెద్దమ్మాయి హారిక వల్ల. ఆ పట్టుబడి రోజుకు అది చిన్నపిల్ల, బడికి పోతోంది. పోయిన ఏడాది పెళ్లి చేశాం. అల్లుడిది కూడా ముత్తుకూరే. దానికిప్పుడు మూడో నెల. పోయిన వారం ఒక పొద్దున ఫోన్ చేసింది.

"అమ్మా, కంగారు పడొద్దు. నిన్న పొత్తికడుపు పట్టేసినట్టు ఉన్నింది. ఆయన డ్యూటీలో ఉన్నాడని భార్గవి పిన్నికి ఫోన్ చేశా. పిన్ని పొయ్యి మీద కూర కూడా దించకుండా వచ్చేసిందమ్మా. ఆటోలో ఆస్పత్రికి తీసకపోయింది."

 ఏమంది డాక్టరు అని అడిగాను.

"అంతా బాగుందంట. గుండె చప్పుడు వినిపించింది నాకు. పట్టేయడం మామూలేనంట, నీళ్లు బాగా తాగమంది. బ్లీడింగ్ కనపడినా, ఒక పక్కనే గట్టిగా నొప్పి వచ్చినా, జ్వరమొచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం ఇంట్లో వాళ్లనెవర్నీ అడగబాక, నేరుగా వచ్చేయ్ అనింది."

ఇంట్లో వాళ్లనెవర్నీ అడగబాక. సరే. మంచి మాట.

"అమ్మా, ఇంకొకటి. వచ్చేసేటప్పుడు పిన్ని మేడమ్‌ని అడిగింది. ఈ నెలల్లో బరువెత్తితే పోతదా మేడమ్ అని. నా కోసం అడుగుతా ఉందనుకున్నా. మేడమేమో, ఒకసారి దబరెత్తితేనో బిందెత్తితేనో పోదమ్మా, మొదట్లో పోయేది చాలావరకు బిడ్డ సరిగ్గా ఏర్పడక, తల్లి చేసిందేం ఉండదు అనింది. పిన్ని ఇంకొకసారి చెప్పమనింది. మేడమ్ ఇంకొకసారి చెప్పింది. పిన్ని అక్కడే కుర్చీలో కూర్చుని ఒకటే ఏడుపమ్మా. ఎంతసేపటికీ లేవలా. బయట జనం చూస్తా ఉన్నారు. ఎందుకమ్మా అట్టా ఏడ్చింది?"

"ఏమో" అన్నాను.

అది కూడా అబద్ధమే. కూతురికి కూడా చెప్పాను.

ఫోన్ పెట్టేశాక బియ్యం కడిగాను. ఎసరు పెట్టాను. తన కోసం తనెప్పుడూ అడగలేకపోయింది భార్గవి. నా కూతురి కోసం వెళ్లి, నా కూతురి పక్కన నిలబడి అడిగింది. ఆ మాట ఆమెకు చేరింది. నా ద్వారా కాదు. అన్నేళ్లు ఒక మనిషి తన బిడ్డను తనే చంపుకున్నాననుకుని లేచింది, వండింది, పడుకుంది, ఇంకో బిడ్డను కూడా ఆ భయంతోనే కన్నది. అందులో ఒక్క రోజు కూడా అక్కర్లేదు. అన్ని రోజులూ నేను పెట్టినవి.

ఆమెకు ఫోన్ చేయాలనుకున్నాను. నంబరు నొక్కి, మోగకముందే తీసేశాను. ఏమని చెబుతాను? నీకు నిన్న డాక్టరు చెప్పింది నాకు ఎప్పుడో తెలుసు అనా? ఇప్పుడు చెబితే ఎవరికి మేలు, ఆమెకా నాకా? మళ్లీ కారణాలు వెతుక్కుంటున్నానా? అవును, అదే చేస్తున్నాను. ఈ వారం రోజులుగా అదే చేస్తున్నాను. చెబుతానో చెప్పనో నాకు తెలియదు. చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాటకున్న విలువ మీరు చూశారు.

క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. అడగాల్సిన మనిషి ఒక్కతే ఉంది, ఆమెకు నేను చేసింది సగమే తెలుసు. తెలిసిన సగానికి పదేళ్లు నోరు మూసుకుంది. తెలియని సగం ఇది.

కనపడిందని భార్గవి నాకు చెప్పింది. దాచమన్నది నేను. తన తప్పు లేదని ఆమెకు చెప్పమని డాక్టరు ఆ సాయంత్రమే నాకు చెప్పింది. నేను చెప్పలేదు.

ఇవి ఒక వరసలో ఎప్పుడూ అనుకోలేదు, నాలో నేను కూడా. ఇప్పుడు రాశాను. చదువుకుంటే నా చేతిరాతే. తిమ్మిరి కొంచెం వదిలినట్టుంది. నొప్పిగా ఉంది.